పైపు తొడిగిన పానా

మా ఇంటాయన కోరుట్లల ఆటో నడుపుతడు. కోరుట్ల నుంచి జగిత్యాల, జగిత్యాల నుంచి కోరుట్ల, పొద్దంత గదే తొవ్వ. మనిషి మంచోడు, మాట్లాడుడే తక్కువ. ఇంట్ల ఇద్దరి మాటలు నేనే మాట్లాడుత. చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టుకుంట, వాడకట్టుల ఎవరింట్ల ఏమయింది, ఎవరు ఎవరిని ఏమన్నరు, ఆ దినం పొయ్యి మీద ఏం కూర ఉడుకుతున్నది, అన్నీ చెప్తుంట. చదువంటరా, చిన్నప్పుడే బడి మాన్పిచ్చి చాట చేతికిచ్చిర్రు. గని ఒక్కసారి విన్న మాట నా చెవుల నుంచి బయటికి పోదు. మా దిక్కు ఆడోళ్లు కొట్లాడుకుంటే నన్నే పిలుస్తరు, "అక్కా, గా దినం ఇది నన్నేమన్నదో నువ్వే చెప్పు" అని.

గీ ముచ్చట ఆ మెకానిక్‌ది. ఇన్నొద్దులైనా వాని మీద నా కడుపుల మంట చల్లారలె. చల్లారాలని నాకు లేదు గూడ.

వాడు దుబాయిల పనిచేసి వాపసు వచ్చి జగిత్యాల రోడ్డు మీద షెడ్డు పెట్టిండు. షెడ్డు ముందట తెల్ల టైల్స్ పరిపిచ్చిండు. మెకానిక్ షెడ్డు ముందట తెల్ల టైల్స్ ఎవలన్న వేపిస్తరా? వాడు వేపిచ్చిండు. అడిగితె "దుబాయిల గిట్లనే ఉంటదక్కా" అనేటోడు. చాయ తాగినా దుబాయే, తుమ్మినా దుబాయే. మొదట్ల నాకూ ముద్దుగనే ఉండె. తమ్మీ తమ్మీ అని పిలిచేదాన్ని. మామిడికాయ తొక్కు పెడితె వానికో సీస పంపిన. ఆ సీస యాదికొస్తె ఇప్పటికీ ఒళ్లు మండుతది.

సిరిసిల్లల మా తమ్మునికి కొడుకు పుట్టిండు. తొట్టెలల వేసుడుకు పోవాలె. దూరం పోతున్నం గద, ఆయిల్ మార్పిద్దామని పొద్దుగాలనే ఆటో తీస్కొని వాని షెడ్డు కాడికి పోయినం. నేను ఆటోలనే కూసున్న. మంచి చీర కట్టుకొని, బాబుకు తెచ్చిన కుల్లాయి సంచిల పెట్టుకొని, సీట్ల నుంచి కిందికి ఒంగి వాని పని చూస్తున్న. నాకు ఎవల పనైన చూసుడు ఇష్టం.

వాడు ఇంజన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్‌కుండే బోల్టు ఇప్పిండు. నల్లటి ఆయిల్ డబ్బల పడ్డది. బోల్టుకు ఒక రాగి వాచర్ ఉంటది, పైస బిళ్ల లెక్క, నడిమిట్ల తూటు. అది ఒక్కసారి బిగిస్తె చప్పట అయితది, మల్ల బిగిస్తె ఆయిల్‌ను ఆపదు, గందుకే ఆయిల్ మార్చినప్పుడల్ల కొత్తది వెయ్యాలె. వాడు పాతదే తుడిచి వేసిండు. మా ఆయన అడిగిండు, "తమ్మీ, వాచర్ కొత్తది లేదా?" అని.

"వాచర్ల ఏమున్నదన్నా, బిగిచ్చుట్ల ఉన్నది" అన్నడు వాడు.

బోల్టును ముందుగాల వేళ్లతోని తిప్పాలె. సాఫ్‌గ లోపలికి పోతున్నదా, అడ్డం పోతున్నదా అనేది వేళ్లకే తెలుస్తది. వాడు వేళ్లు ముట్టియ్యలె, సీదా పానానే పెట్టిండు. పెట్టి, మూలకు ఉన్న నల్లా పైపు తెచ్చి పానా తోకకు తొడిగిండు. నా చెయ్యంత పొడుగు పైపు. దానికి వేలాడినట్టు బలం పెట్టి గుంజిండు.

"దుబాయిల గింతగింత బండ్లకు గిట్లనే బిగిస్తుంటిమి."

అప్పుడు టక్కుమన్నది.

"తమ్మీ, ఏందది, చప్పుడయింది?" అన్న.

"అది బిగిసిన చప్పుడక్కా. ఇగ మీ మనుమలు ఇప్పుకోవాలె" అని నవ్విండు.

మేం గూడ నవ్వి బయలెల్లినం.

కథలాపూర్ దాటి రుద్రంగి కాడ చాయకు ఆగినం. నేను దిగి ఎనుకకు చూస్తె రోడ్డు మీద సన్నగ నల్ల గీత, మేం వచ్చిన తొవ్వంత. మా ఆయన ఆటో కింద పండి చూసి లేచిండు. ముఖం మాడిపోయింది. బోల్టు పట్టుకొని తిప్పితె ఊరికెనే తిరుగుతున్నదట. బోల్టును పట్టుకునే చాంబర్ లోపటి మరలు తెగినయి. చాంబర్ మెత్తటి లోహం, బోల్టు ఇనుము. గంత పొడుగు పైపుతోని గుంజితె మెత్తదే గద పోయేది. ఒక డబ్బ ఆయిల్ కొని పోసుకొని, మెల్లగ, దేవునికి మొక్కుకుంట సిరిసిల్ల చేరినం.

మా తమ్ముడు బట్ట నేసే సాంచాల మీద పని చేస్తడు. వాళ్ల ఇండ్లల్ల ఏది కారినా, ఏది వదులైనా నూలు చుట్టుడే. నల్లా కారితె నూలు, సైకిల్ పెడల్ ఊగితె నూలు, తలుపు గొళ్లెం లొడలొడ అంటె నూలు. "బావా, గిదెంత పని" అని బోల్టు తీసి, మరల నడుమ తెల్ల నూలు సుట్టలు సుట్టి బిగిచ్చిండు. కారుడు ఆగింది. మా తమ్ముడు మీసం దువ్వుకున్నడు. మేం బాబును తొట్టెలల వేసి, పాటలు పాడి, తిని పండుకున్నం.

తెల్లారి చూస్తె ఆటో కింద మడుగు. నూలు ఆయిల్‌ను దీపంల ఒత్తి లెక్క గుంజుకొని కొస నుంచి కిందికి వదులుతున్నది. అంతకుముందుకన్న ఎక్కువ కారుతున్నది. మా మరదలు "తొట్టెలల పిల్లగాని కన్న నీ ఆటోకే లంగోట ఎక్కువ అక్కరున్నది వదినె" అన్నది. అందరు నవ్విర్రు. మా ఆయన ఒక్కడు నవ్వలె.

కోరుట్లకు వచ్చి ఆ మెకానిక్‌కు చూపెట్టినం. వాడు కిందికి ఒంగి, బోల్టు తీసి, నూలు పోగును రెండు వేళ్లతోని గుంజి పైకి లేపి పట్టుకున్నడు. దొంగను దొరకబట్టినట్టు.

"ఓహో! ఇదా సంగతి. అన్నా, నేను మంచిగ బిగిచ్చి పంపితె సిరిసిల్లోళ్లు నూలు జొప్పిచ్చి మరలు తెంపిర్రు. ఇందుల నా తప్పేమున్నది?"

"నూలు సుట్టకముందే కారింది తమ్మీ. రుద్రంగి కాడ్నే చూసినం" అన్న.

"అక్కా, బీడీలు చుట్టుడు వేరే, బండి వేరే. నీకు తెల్వదు, ఊకో."

ఊకో అన్నడు. నన్ను! మా అత్త గూడ నన్ను ఎన్నడు ఊకో అనలె.

ఇంతటితోని అయిపోతె ఏడ్చి ఊకుందుమేమో. వాడు అడ్డకు పోయి చెప్పిండు. అడ్డ అంటె ఆటోలన్ని వరుసగ నిలబడే జాగ. ఎవల బండి ఎవల ఎనుక నిలబడాలెనో అందరికన్న ముసలి డ్రైవర్ ఒకాయన చెప్తడు. ఆయన మాటే మాట. ఆ పొద్దే మా ఆటో కింద కారిన ఆయిల్ మీద పాలాయన బండి జారి, క్యాను బోర్ల పడి పాలన్ని రోడ్డు పాలైనయి. పెద్దాయనకు కోపమొచ్చింది. మా ఆయనను పిలిచి అందరి ముందట అన్నడట, "తమ్మీ, నీ బండి లైన్ల వద్దు. మెకానిక్ చెప్పిండు, ఎవలెవలితోనో నూలు సుట్టిచ్చి నడుపుతున్నవట. బండిని సూస్కోనోడు మనుషులను ఎట్ల సూస్కుంటడు? నీ బండి ఎక్కినోళ్లకు ఏమన్నయితె అడ్డకే పేరు పోతది."

మా ఆయన ఇంటికి వచ్చి తాళంచెవి గూట్లె పెట్టి, గోడకు ఒరిగి కూసున్నడు. గింత జరిగినా ఆ మెకానిక్‌ను ఒక్క మాట అనలె. లైన్ల నిలబడకపోతె జగిత్యాల సవారీలు లేవు. అంతకన్న ఎక్కువ, బండిని కన్నబిడ్డ లెక్క చూసుకునే మనిషిని పట్టుకొని సూస్కోనోడు అన్నరు. పొద్దుగాల లేస్తె ముఖం కడుక్కోకముందు అద్దాలు తుడిచేటోడు ఆయన. ఆ మాటను మెకానిక్ నోటి నుంచి వాపసు తీయించాలె, అడ్డ ముందటనే తీయించాలె, ఆయనను మల్ల లైన్ల నిలబెట్టాలె. ఆ పూట నేను అన్నం తినలె. ఏం చెయ్యాల్నో తెలిసినంకనే తిన్న.

తెల్లారి లేపి చెప్పిన, "బండి నూకు."

"ఏడికి?"

"షెడ్డు కాడికి. వాని తెల్ల టైల్స్ మీదికి."

"కొట్లాట వద్దే."

"కొట్లాడ. కూసుంట."

నూకుకుంట తీస్కపోయి, వాని షెడ్డు ముందట నట్టనడుమ పెట్టినం. ఆయన సిగ్గుపడి ఎళ్లిపోయిండు. నేను ఎనుక సీట్ల చాట పెట్టుకొని, తునికాకు తడిబట్టల చుట్టుకొని కూసున్న. ఆయిల్ ఒక్కొక్క చుక్క టైల్స్ మీద పడుతున్నది. తెల్లటి దాని మీద నల్లటి చుక్క ఎంత ముద్దుగ కనవడుతదో చూసినోళ్లకే ఎరుక.

వాడు వచ్చి చూసిండు. "అక్కా, ఏందిది? బండి తీయి."

"ఎట్ల తియ్యాలె తమ్మీ? నడిపితె ఆయిల్ కారుతది, ఎవలన్న జారి పడుతరు. సూస్కోనోళ్లం అని పేరొస్తది."

"నీకేం పని లేదా?"

"పనే చేస్తున్న. చూడు, బీడీలు. నాకు తెలిసింది గిదొక్కటే అన్నవు గద."

వాడు లోపటికి పోయి రంపపు పొట్టు తెచ్చి చుక్కల మీద పోసిండు.

"దుబాయిల గూడ పొట్టే పోస్తరా తమ్మీ?"

పక్కన చాయ హోటల్ల కూసున్నోళ్లు నవ్విర్రు. ఆ నవ్వు వానికి తగిలింది. నాకు కడుపుల సల్లగ అనిపిచ్చింది. బండి ఆడనే ఉండె, నేను అప్పటి సంది రోజూ పోయిన. కోరుట్లల బస్సు కోసం చూసేటోళ్లు, చాయ తాగేటోళ్లు, బండి బాగు చేపిచ్చుకునేటోళ్లు, ఎవలొచ్చినా "ఏమక్కా, గీడ కూసున్నవ్?" అని అడుగుతరు గద. అడిగితె చెప్పకుంట ఎట్ల ఉంట? పాత వాచర్ సంది మొదలుపెట్టి పైపు దాక, పైపు సంది రుద్రంగి దాక, ఒక్క ముక్క పోనియ్యకుంట చెప్పిన. చెప్పిందే చెప్పినా విసుగు రాలె. ఒక్కోసారి మెకానిక్ మాటను వాని గొంతుతోనే అనేదాన్ని, "వాచర్ల ఏమున్నదన్నా, బిగిచ్చుట్ల ఉన్నది" అని. లోపట వాడు సుత్తెతోని ఊరికెనే ఇనుము మీద కొట్టేటోడు, నా మాట వినవడొద్దని. నేను ఇంత గట్టిగ చెప్పేదాన్ని.

ఒకనాడు బయటికొచ్చి అందరి ముందట అడిగిండు. "టక్కుమన్నది టక్కుమన్నది అంటున్నవ్, ఎవలు విన్నరు? నువ్వొక్కదానివే గద!"

రోడ్డు అవుతల గాజులమ్మే ఆమె కూసుంటది. ఆమెను పిలిచిన.

"గాజులక్కా, ఆ దినం నువ్వు ఎర్రంచు పచ్చచీర కట్టుకున్నవు. ఒక కొత్త పెండ్లిపిల్ల చేతికి గాజులు తొడుగుతున్నవు. పిల్ల చెయ్యి గట్టిది, గాజు ఎక్కుతలేదు. నువ్వు సబ్బునీళ్లు పెడుతున్నవు. అప్పుడు టక్కుమంటె నువ్వు ఏం చేసినవ్?"

ఆమె గాజుల డబ్బ మూత పెట్టి లేచి నిలబడ్డది.

"అవునే! నా గాజు పలిగిందనుకున్న. పిల్ల చెయ్యి గుంజి చూసిన, నెత్తురు వచ్చిందేమో అని. చూస్తె గాజులన్ని మంచిగనే ఉన్నయి. మరి ఆ చప్పుడు ఏడికెళ్లి వచ్చిందబ్బా అని అనుకున్న."

"ఇగ విన్నవా తమ్మీ?"

"మీ ఆడోళ్లంత ఒక్కటే" అని వాడు లోపటికి పోయిండు. చాయ హోటలాయన మాత్రం గ్లాసులు కడుగుడు ఆపి, "పైపు పెట్టుడు నేను గూడ చూసిన" అన్నడు. అప్పటిదాక ఆయన నోరు మెదుపలె, వాడు దినాం చాయ తాగేటోడు గద. ఆ పొద్దు మెకానిక్ చాయ తాగలె.

అయినా వాడు దిగిరాలె. అడ్డ పెద్దాయన గూడ "ఆడోళ్ల మాటలు పట్టుకొని లైను మారుస్తమా" అన్నడట. నాకు మంట ఇంకింత ఎక్కింది.

గట్లుండంగ ఒక దినం బుగ్గారం నుంచి ఒక కాక ట్రాలీ ఆటోల కూరగాయలు తెచ్చి, కోరుట్ల మార్కెట్ల దించి, పోతపోత ఆయిల్ మార్పిద్దామని వాని షెడ్డు కాడ ఆపిండు. కొత్త మనిషి. నా ముచ్చట ఆయనకు తెల్వదు. మెకానిక్ సంబురంగ కింద దూరిండు. నల్ల ఆయిల్ పడ్డది. పాత వాచర్ తుడిచిండు. పానా పెట్టిండు.

చాయ హోటల్ల అందరు నా దిక్కు చూసిర్రు. రోజూ మైకు లెక్క మోగేదాన్ని, ఇప్పుడు ఏమంటదో అని. నేను చేతిల ఉన్న బీడీకి దారం సుట్టుకుంట ఊకున్న. ఒక్క మాట అనలె. నోటిదాక వచ్చిన మాటను మింగిన.

ఆ ఊకునుడే వాన్ని పొడిచింది. కింద పండుకొనే తల తిప్పి నా దిక్కు చూసిండు.

"ఏమక్కా, ఇయ్యాల నోటికి తాళమా? ఏమన్న అంటవా?"

"నేనేమంట తమ్మీ. దుబాయి చూసినోనివి. నాకు తెల్వదు."

వాని ముఖం ఎర్రగయింది. మూలకు పోయి ఆ పైపే తెచ్చిండు. అందరికి కనవడేటట్టు తోకకు తొడిగిండు. "చూడుర్రి, ఏమన్న తెగుతదేమో అందరు చూడుర్రి" అనుకుంట గుంజిండు.

టక్.

గాజులామె రోడ్డు అవుతల నుంచే ఒర్లింది, "గదే! గదే చప్పుడు!" అని.

వాడు బోల్టును వేలితోని ముట్టుకున్నడు. ఊరికెనే తిరిగింది. మల్ల తిప్పిండు, మల్ల తిరిగింది. లేవకుంట కిందనే పండుకున్నడు. బుగ్గారం కాక ఒంగి చూసి, "ఏందిరా, తిరుగుతనే ఉన్నది? నా బండి ఏం చేసినవ్?" అని కాలు పట్టుకొని బయటికి గుంజిండు. వాని అంగికి నా ఆటో కింది పొట్టంత అంటుకున్నది. ఎవలు పిలిచిర్రో తెల్వదు, అడ్డ పెద్దాయన వచ్చిండు, ఎనుక సగం అడ్డ వచ్చింది.

పెద్దాయన బుగ్గారం బండి కింద చూసిండు, మా బండి కింద చూసిండు. "దీనికి నూలు ఎవలు సుట్టిర్రు?" అని అడిగిండు. మెకానిక్ అంగికంటిన పొట్టు దులుపుకున్నడు.

"నిన్నే. దీనికి ఏ సిరిసిల్లోడు వచ్చి సుట్టిపోయిండు?"

"ఎవలు రాలె" అన్నడు వాడు, నేల చూసుకుంట. "నేనే. రెండూ నేనే చేసిన."

"వినవడలె" అన్న నేను.

"రెండూ నేనే చేసినక్కా!"

మా ఆయనను పిలుచుకొచ్చిర్రు. తీర్పు పెద్దాయననే చెప్పిండు. రెండు చాంబర్లు ఇప్పుకొని, జగిత్యాలల లేతు మిషిను కాడికి పోయి మరలు కొత్తగ వేయించుకొని రావాలె, ఖర్చంత వానిదే. నేను ఒక్కటే అడిగిన, "అడ్డ ఆటోలనే పోవాలె" అని. పెద్దాయన నా ముఖం చూసి మీసాల నవ్విండు. వాడు రెండు నల్లటి చాంబర్లు ఒళ్లె పెట్టుకొని, సవారీల నడుమ ఇరుక్కొని కూసున్నడు. ఎక్కినోళ్లు ఎక్కినట్టు "ఏందయ్యా గవి?" అని అడిగిర్రట. డ్రైవరు జగిత్యాల దాక చెప్పుకుంటనే పోయిండట. వచ్చేటప్పుడు వేరే డ్రైవరు చెప్పిండట. ఆ సవారీ నేను చూడకపోతినే అని ఇప్పటికీ రంధి ఉన్నది నాకు.

వాడు వచ్చేదాక బుగ్గారం కాక పొద్దంత షెడ్డు ముందటి బల్ల మీద కూసున్నడు. నా సద్దిల సగం పెట్టిన. పప్పుచారు బాగున్నదన్నడు. మా ఆయన ఆ దిక్కు చూసి నా చెవుల అన్నడు, "నువ్వు రోజు చెప్పేదాంట్ల ఒక్క ముక్క చెప్తె ఆయన బండి ఆగకపోయేది గద."

"ఆగకపోయేది. నీ బండి గూడ లైన్లకు పోకపోయేది."

కాకకు అన్నం పెట్టిన, మాట మాత్రం చెప్పలె. మల్ల గట్లనే అయితె మల్ల గట్లనే ఊకుంట.

మాపటికి వాడు బిగిచ్చేటప్పుడు అడ్డంత చుట్టు నిలబడ్డది. నేను ఆటో దిగి వాని పక్కకు కూసున్న.

"బోల్టు కూసునే జాగ తుడువు" అన్న. తుడిచిండు. "వాచర్?" కొత్త రాగి వాచర్ కాయితం నుంచి తీసి చూపెట్టిండు. "వేళ్లతోని తిప్పు." వేళ్లతోనే ఆఖరుదాక తిప్పిండు. "ఇగ చిన్న పానా. పైపు ఏడున్నది?" అంటె "లేదక్కా" అన్నడు. మణికట్టు బలంతోని ఒక్క గుంజు గుంజి ఆపిండు. ఆయిల్ పోసినంక బండి స్టార్ట్ చేసి, జరసేపు తిరుగనిచ్చి, ఆపి, కింద వేలు పెట్టి రాసి చూసిన. వేలు పొడిగ వచ్చింది. కాక బండికి గూడ గట్లనే చేపిచ్చిన. ఆయన "బిడ్డా, మా బుగ్గారం వస్తె మా ఇంటికి రావాలె" అని పోయిండు.

మెకానిక్ చేతులు తుడుసుకుంట అడిగిండు, "ఇప్పుడన్న కడుపు సల్లవడ్డదా అక్కా?"

"సగం."

తెల్లారి పెద్దాయన మా ఆయన బండిని లైన్ల ముందటికి పిలిచిండు. "ఎక్కుర్రి, గీ బండి ఎక్కుర్రి, అద్దాలు చూడుర్రి ఎట్ల మెరుస్తున్నయో" అని సవారీలను ఆయననే ఎక్కిచ్చిండు. మా ఆయన హారన్ కొట్టి జగిత్యాల దిక్కు పోయిండు. నేను చాట సంకల పెట్టుకొని ఇంటికి మర్లిన. అడ్డ నుంచి మా ఇంటికి దగ్గరి తొవ్వ గల్లీల నుంచి ఉన్నది. నేను రోడ్డు మీదికెళ్లి చుట్టు తిరిగి, షెడ్డు ముందటికెళ్లి మెల్లగ నడిచిన. వాడు టైల్స్ మీది మరకను సోడపొడితోని రాకుకుంట నన్ను చూసి తల దించుకున్నడు. బీడీలు ఇచ్చేటందుకు పోయినా, కూరగాయలకు పోయినా ఇప్పటికీ ఆ తొవ్వనే పోత.